రేడియోలో లోపం లేదు

ఎనభైల నడిమిలో, ఒక జూలై నెలలో, కోలారు జిల్లా మాస్తి దగ్గర ఉన్న ఒక ప్రైవేటు విమానం రేడియోను తనిఖీ చేసి నివేదిక ఇమ్మని విమానయాన శాఖ నుంచి నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను బెంగళూరు శివార్లలో చిన్న విమానాలకు మరమ్మతులు చేసే ఒక వర్క్‌షాపులో రేడియో ఇంజనీరును. మా వృత్తిలో ఒకరి లైసెన్సు ఇంకొకరికి పనికిరాదు. ఇంజను చూసేవాడు రేడియో మీద సంతకం పెట్టకూడదు, రేడియో చూసేవాడు ఇంజను మీద పెట్టకూడదు. విమానంలో వైర్లతో, బల్బులతో, యాంటెనాలతో నడిచేదంతా నా కిందికి వస్తుంది. దాన్నంతా కలిపి ఏవియానిక్స్ అంటారు.

ఉత్తర్వుకు కారణం ఇది. ఆ విమానం బెంగళూరు పక్కనున్న ఒక శిక్షణ మైదానంలో దిగబోతూ ఉండగా, రన్‌వే మీద ఒక శిక్షణ విమానం టైరు పగిలి ఆగిపోయింది. టవర్‌లో ఉన్న అధికారి, దిగవద్దు, పైకి లేచి మళ్ళీ చుట్టి రమ్మని రేడియోలో చెప్పాడు. విమానం అట్లాగే దిగుతూ వచ్చింది. ఆయన రెండోసారి చెప్పాడు. లాభం లేకపోయేసరికి ఎర్రదీపం తీసుకుని విమానం వైపు చూపించాడు. పైలట్ దాన్ని చూసి ఆఖరి క్షణంలో పైకి లేపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ టైరు మారుస్తున్న ఇద్దరు మెకానిక్కులు అప్పుడు రన్‌వే మీదే ఉన్నారు. పైలట్ తన వాంగ్మూలంలో, రేడియోలో మాట రాలేదు, రొద మాత్రమే వచ్చింది అని రాశారు. ఆ మాట నిజమో కాదో నేను తేల్చాలి. అప్పటిదాకా విమానం ఎగరకూడదు.

పైలట్, యజమాని ఒకరే. పేరు దొరస్వామి గారు. కోలారు బంగారు గనుల్లో కంప్రెసర్ హౌసుకు ఇంజనీరుగా చేసి రిటైరైనారు. గనుల లోపల రాయిని తొలిచే డ్రిల్లులన్నీ కరెంటుతో కాక గాలితో నడుస్తాయి. ఆ గాలిని నొక్కి పైపుల్లో కిందికి పంపే పెద్ద యంత్రాలు ఉండే చోటు కంప్రెసర్ హౌసు. గనులు ప్రభుత్వపరమై తెల్ల ఇంజనీర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నప్పుడు, వాళ్ళ కుర్చీల్లోకి వచ్చిన మొదటి మనవాళ్ళలో ఆయన ఒకరు. ఆయన నాయన చిత్తూరు పల్లెల నుంచి గనిలో కూలికి వచ్చిన మనిషి. నేను ఆ గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో పుట్టినవాణ్ణి, మా నాయన కూడా గని కిందికి దిగిన మనిషే. అందువల్ల ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మనిషిని మాత్రం చూడలేదు.

మాలూరులో బస్సు దిగేసరికి ఆయనే జీపు వేసుకుని వచ్చారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా. మా ఊరు, మా నాయన దిగిన గని షాఫ్టు అడిగి తెలుసుకున్నారు. జీపు రొదలో నేను చెప్పిన జవాబులు ఆయనకు అందాయో లేదో నాకు తెలియలేదు. ఆయన అడిగిన వాటికి నేను చెప్పినదానికన్నా, ఆయన చెప్పిందే ఎక్కువ ఉండింది. మాటకారి మనిషి అనుకున్నాను.

వాళ్ళ మామిడితోట పక్కన రాగి చేల మధ్య మట్టి రన్‌వే ఉంది. పశువులు అడ్డం రాకుండా రెండు వైపులా ముళ్ళకంచె. చివర రేకుల షెడ్డులో విమానం. నాలుగు సీట్లది, రెక్కలు పైన ఉండే రకం. ఏదో ఒక ఫ్లయింగ్ క్లబ్బు పక్కన పడేసిన దాన్ని వేలంలో కొని, సెలవు దొరికినప్పుడల్లా లైసెన్సున్న మెకానిక్కును పక్కన పెట్టుకుని బాగు చేయించుకుంటూ వచ్చారట. నేను చాలామంది యజమానుల విమానాలు చూశాను. బయట మెరిసిపోతూ లోపల వైర్లు చిక్కులు పడి ఉండేవే ఎక్కువ. ఈ విమానంలో మీటర్లు బిగించిన ప్యానెల్ వెనక తల దూర్చి చూస్తే, పాత వైర్లే అయినా ప్రతి కట్టా మైనపు దారంతో వరసగా కట్టి ఉంది. యంత్రాన్ని గౌరవించే మనిషి అని అక్కడే తెలిసింది.

రేడియోను దాని అర నుంచి ఊడదీసి, దుప్పట్లో చుట్టి, వర్క్‌షాపుకు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఈ పరీక్ష ఎట్లా చేస్తామో చెప్తాను. సిగ్నల్ జనరేటర్ అనే పరికరం నుంచి చాలా బలహీనమైన తరంగాన్ని రేడియోలోకి పంపుతాం. ఎంత బలహీనమైన దాన్ని కూడా అది స్పష్టంగా పట్టుకోగలదో చూస్తాం. దూరంగా ఉన్న టవర్ మాట ఆ మాత్రమే బలంతో వస్తుంది కాబట్టి. దొరస్వామి గారి రేడియో పాతది, ఛానళ్ళు తక్కువ. అయినా పరీక్షలో కొత్తదానిలాగే నిలబడింది. దొరికిన తప్పు ఒక్కటే. స్క్వెల్చ్ అని ఒక నాబ్ ఉంటుంది, మాట లేనప్పుడు వచ్చే రొదను మూసేస్తుంది. దాని లోపల దుమ్ము చేరి, తిప్పినప్పుడు చిటపటమంటోంది. శుభ్రం చేస్తే పోయింది. తిరిగి వెళ్ళి యాంటెనా, దాని కేబులు, మైకు, క్యాబిన్ పైకప్పులో ఉన్న స్పీకరు అన్నీ చూశాను. ఎక్కడా ఏమీ లేదు.

నేల మీద పట్టుబడని తప్పు గాలిలో పట్టుబడవచ్చు. ఇంజను అదురుకు వదులుగా ఉన్న వైరు తెగుతూ అతుకుతూ ఉంటుంది. అందుకని పరీక్ష కోసం ఒక్కసారి ఎగరడానికి అనుమతి తెప్పించాను. ఆయన ఎడమ సీటులో, నేను కుడి సీటులో కూర్చున్నాం. అంత నిఖార్సుగా నడిపే పైలట్లు తక్కువ. ఎత్తు సూది గీత దాటి కదలదు. మాలూరు మీదుగా పోయి, అదే శిక్షణ మైదానాన్ని పిలిచారు. టవర్ జవాబు పైకప్పు స్పీకరులోంచి నాకు స్పష్టంగా వినిపించింది. గాలి ఏ దిక్కు నుంచి, ఏ రన్‌వే, ఎంత ఎత్తులో రావాలి. దొరస్వామి గారు అన్నిటినీ సరిగ్గా తిరిగి చెప్పారు. నా పెన్సిలు కదలలేదు. రాయడానికి తప్పేమీ లేదు.

అంతలో టవర్ ఒక ప్రశ్న అడిగింది. విమానంలో ఎంతమంది ఉన్నారు?

దొరస్వామి గారు మైకు తీసి, అర్థమైంది అన్నారు.

టవర్ మళ్ళీ అడిగింది. ఆయన చేయి రేడియో మీదికి పోయింది. వాల్యూమ్ పూర్తిగా తిప్పారు, స్క్వెల్చ్ తెరిచారు. క్యాబిన్ నిండా రొద. "చూసినావా, ఇదే. మాట రాలేదు," అని గట్టిగా అరిచి నా వైపు చూశారు. మాట వచ్చింది. నాకు రెండుసార్లూ వినిపించింది. నేను మైకు అందుకుని ఇద్దరం ఉన్నామని జవాబు చెప్పాను. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నారు.

అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఆయన టవర్ మాటలను వినడం లేదు, ఊహిస్తున్నారు. దిగే విమానానికి టవర్ ఏం చెప్తుందో అనుభవమున్న పైలటుకు ముందే తెలుసు. వరస తెలిసినప్పుడు నాలుగు అక్షరాలు అందితే చాలు, మిగతావి మనసు పూరించుకుంటుంది. వరసలో లేని మాట వచ్చినప్పుడే బయటపడుతుంది. దిగవద్దు అన్న మాట వరసలో లేదు. ఎంతమంది అన్న మాట కూడా లేదు. మాస్తికి తిరిగి వచ్చాం. విమానం చక్రాలు మట్టిని తాకినట్టు కూడా తెలియనంత నున్నగా దించారు.

వాళ్ళింట్లో భోజనానికి కూర్చోమన్నారు. రాగిముద్ద, ఆకుకూరతో కాచిన సొప్పుసారు. ఆయన భార్య సుగుణమ్మ గారు గనుల దగ్గరి ఊరిగాంలో ఒక బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె వడ్డిస్తూ ఉంటే, ఆయన విమానానికి తాళ్ళు కట్టి వస్తానని షెడ్డుకు వెళ్ళారు. ఆమె గరిటె పక్కన పెట్టి అడిగారు.

"మిషన్‌లో ఏం లేదు కదప్పా?"

నేను ముద్ద తుంచి సారులో అద్దుకున్నాను.

"చెప్పప్పా, నేనేం అనుకోను. వంటింట్లో కుక్కర్ కూత ఆయనకు వినపడదు. గేటు కాడ మనిషి పిలిస్తే వినపడదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం అన్నీ వినపడతాయి. ఇంగ విమానంలో స్పీకరు పెద్దగా మొత్తుకుంటాది కదా, దాంట్లో తంటా లేదులే అనుకుంటి."

"పెద్దగా మొత్తుకుంటే సరిపోదమ్మా," అన్నాను. "ఇంజను అంతకన్నా పెద్దగా మొత్తుకుంటుంది."

"నేను చెప్తే, నువ్వు గొణుగుతావు గట్టిగా మాట్లాడు అంటాడు. ముప్పై మంది పిల్లోళ్ళ ముందర అరిచిన గొంతు నాది. నువ్వు చెప్పు. నువ్వు ఇంజనీరువి, నీ మాట వింటాడు."

పెద్దాయనకు, అందులోనూ మా నాయన గౌరవంగా తలచుకునే మనిషికి, మీ చెవులు పోయాయని ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. చివరికి నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను. ఆయన వచ్చి కూర్చున్నాక, బల్ల మీద చేసిన పరీక్షలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. తరంగం యాంటెనాలోకి వస్తోంది, కేబులులో పోతోంది, రేడియోలోంచి స్పీకరుకు పోతోంది, స్పీకరులోంచి గాలిలోకి వస్తోంది. ఇంతవరకూ అంతా సరిగ్గా ఉంది సార్. టవర్ రెండుసార్లు అడిగిన ప్రశ్న నాకు వినిపించింది. అని ఆగిపోయాను.

ఆయన కంచం కాస్త పక్కకు జరిపారు. తరువాత అన్నారు, "కంప్రెసర్ బేరింగు పోతా ఉంటే, ఒక ఇనుప కడ్డీ చెవికి ఆనించి పెట్టుకుని నేను చెప్పేవాణ్ణి, ఏ బేరింగు, ఇంగ ఎన్ని రోజులు నడస్తాది అని. తెల్లోడు కూడా నన్నే పిలిచేవాడు. ఆ చెవులప్పా ఇవి."

ఆయన లేచి చేయి కడుక్కుని షెడ్డు వైపు పోయారు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నారు. విమానంలోకి ఎక్కి, ఇంజను వేయకుండా, సీటులో ఊరికే కూర్చున్నారు. సుగుణమ్మ గారు వెనకాల పోబోయి ఆగిపోయారు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. అడిగిన మొదటి మాట ఇంజనీరు అడిగే మాట. "ఏ ఫ్రీక్వెన్సీలో పోయింటాది?"

నాకు తెలిసినంత చెప్పాను. పెద్ద యంత్రాల రొదలో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకు ముందు పైస్థాయి శబ్దాలు పోతాయి. అచ్చులు నిలుస్తాయి, స, శ, త, క లాంటి హల్లులు పోతాయి. మాట ఉన్నట్టే ఉంటుంది, ఏ మాటో తెలియదు. అందుకే ఎదుటివాళ్ళు గొణుగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ మాట విని ఆయన భార్య వైపు ఒకసారి చూశారు. ఆమె కూరగిన్నె మూత సర్దుకుంటున్నారు.

"నాబులో దుమ్ము ఉండిందంటివే. అది రాస్తే ఫైలు మూతపడతాదా?" అని అడిగారు.

"మూతపడుతుంది సార్. అబద్ధం కూడా కాదు."

"అయితే అది రాయి. దాని కింద ఇంకో లైను రాయి. ఈ దుమ్ము వల్ల మాట వినపడకుండా పోదు అని. ఆ ఇద్దరు మెకానిక్కులు రన్‌వే మీద ఉన్నారు కదప్పా, వాళ్ళ పేర్లు కూడా నాకు తెలీవు."

నేను అట్లాగే రాశాను. నా ఉద్యోగంలో యజమాని తనకు వ్యతిరేకంగా ఒక వాక్యం చేర్చమని అడగడం అదొక్కసారే జరిగింది. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు.

ఆ తరువాత ఆయన చేసిన పని ఇంకా గొప్పది. పైలట్లకు కొన్నాళ్ళకొకసారి వైద్యపరీక్ష ఉంటుంది. చెవుల పరీక్షకు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో డాక్టరు వైపు వీపు పెట్టి నిలబడితే, డాక్టరు మామూలు గొంతుతో మాట్లాడతాడు. అది వినిపిస్తే చాలు. దొరస్వామి గారు ప్రతిసారీ నిజాయితీగానే దాన్ని దాటారు. గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి. ఆయన చేతిలో చెల్లుబాటయ్యే పత్రం ఉంది, ఎవరూ ఆయనను ఆపలేదు. ఆయనే డాక్టరు దగ్గరికి పోయి, నన్ను గదిలో కాదు, ఇంజను నడుస్తున్న విమానంలో పరీక్షించమని అడిగారు. డాక్టరు అట్లాంటి పరీక్ష ఉందని, ఎవరూ అడిగి చేయించుకోరని చెప్పాడట. ఆ పరీక్షకు నన్నూ పిలిచారు. విమానాన్ని నేల మీదే కట్టేసి, ఇంజను వేసి, షెడ్డులోంచి నేను ఇంకో రేడియోలో మాటలు చదివాను. వరస లేకుండా, అంకెలూ ఊళ్ళ పేర్లూ కలిపి. స్పీకరులో వచ్చినవాటిలో ఆయనకు సగం కూడా అందలేదు. తరువాత, వర్క్‌షాపు నుంచి నేను తెచ్చిన హెడ్‌ఫోన్ పెట్టి మళ్ళీ చదివితే చాలావరకు అందాయి. అన్నీ కాదు.

దాన్నిబట్టి ఏం మార్చాలో తేలింది. బయటి రొదను ఆపే మంచి హెడ్‌సెట్లు రెండు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇంటర్‌కమ్. ఏ చెవికి ఎంత గట్టిగా రావాలో విడివిడిగా దిద్దుకునే ఆడియో ప్యానెల్. పాత రేడియో తీసేసి ఛానళ్ళు ఎక్కువ ఉన్న కొత్తది. ఈ మార్పులేవీ సుమ్మనే, ఊరికే తెచ్చి బిగించేవి కావు. కొత్త పెట్టె ఎంత కరెంటు తాగుతుంది, విమానం జనరేటరు అంత ఇవ్వగలదా అని లెక్క తీయాలి. బరువు మారుతుంది కాబట్టి విమానం తూకం మళ్ళీ చూడాలి. డ్రాయింగు గీసి, అనుమతి తెచ్చుకుని, అప్పుడు స్క్రూడ్రైవరు పట్టాలి. వానాకాలమంతా, సెలవు రోజుల్లో, నేను మాస్తికి పోయి వస్తూ ఉండేవాణ్ణి. ప్యానెల్ వెనక ఉన్న పాత వైర్లన్నీ తీసేయించారు. ఇంజను తిరిగే కొద్దీ హెడ్‌సెట్‌లో సన్నగా ఒక ఊళ వినిపిస్తుండేది. దాన్ని పట్టుకోవడానికి నాకు చాలా శ్రమ అయింది. చివరికి మైకు వైరును జనరేటరు వైరుకు దూరంగా తీసి, దాని లోహపు కవచాన్ని ఒక్క చోటే విమానం ఒంటికి ఎర్త్ చేస్తే పోయింది. ఆయన ఆ హెడ్‌సెట్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇప్పుడు ఏం లేదు, సుద్దంగా ఉండాది," అన్నారు. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు.

సామాన్లు అమ్మే ఒకాయన వచ్చి, ఎర్ర అంకెలు మెరిసే దారిచూపే పరికరం ఒకటి చూపించి, అందరూ ఇదే పెట్టుకుంటున్నారని చెప్పాడు. దొరస్వామి గారు దాన్ని ముచ్చటగా తిప్పి చూసి తిరిగి ఇచ్చేశారు. "నా తంటా కండ్లలో లేదప్పా," అన్నారు.

ఇంత చేసినా కొన్ని మాటలు జారిపోతూనే ఉంటాయని ఆయనకు తెలుసు. ఆ కొన్నింటి సంగతి ఏమిటని ఒక రోజు నన్ను అడిగారు. జవాబు సుగుణమ్మ గారి దగ్గర నుంచి వచ్చింది.

"నేను పక్కన కూర్చుంటే ఆ రేడియోలో మాట్లాడొచ్చా?"

మాట్లాడాలంటే దానికి వేరే లైసెన్సు ఉందని, పరీక్ష రాయాలని, అధికారి ఎదుట కూర్చుని నోటిమాటగా కూడా చెప్పాలని చెప్పాను. పైలట్ కాకపోయినా రాయవచ్చు.

"పరీక్షలు పెట్టిన దాన్ని నేను. ఇంగ రాసేదానికి ఏం?" అన్నారామె.

దొరస్వామి గారికి ఇది వెంటనే రుచించలేదు. రేడియో మాటలు సినిమా డైలాగులు కావని, ఒక్క అంకె తప్పితే మనిషి చస్తాడని చెప్పారు. ఆమె, అందుకే కదా నేను కూర్చుంటానంటున్నది అన్నారు.

ఆ చదువు నేను కళ్ళారా చూశాను. నాకు కుదిరినప్పుడు సందేహాలు తీర్చేవాణ్ణి. భార్యాభర్తలు భోజనబల్ల దగ్గర వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్ళు, పెదవులు కనిపించకూడదని. వంటింట్లో మిక్సీ వేసేవాళ్ళు, ఇంజను బదులుగా. ఆయన పైలట్, నేను టవర్, మధ్యలో ఆమె. నేను చెప్పింది విని, ఆమె తిరిగి చెప్పి, ఆయనకు అందించాలి. మొదట్లో నేను చెప్పినదంతా ఆమె పాఠంలాగా విడమరిచి చెప్పేవారు. ఆయన విసుక్కునేవారు. రానురాను వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. తిరగాలంటే ఆ వైపు భుజం మీద తట్టడం, పైకి లేవాలంటే అరచేయి ఎత్తడం, మాటగా ఒకటే ముక్క. మిక్సీ మోటారు ఒకటి కాలిపోయింది కూడా. పరీక్షలో ఆమె మొదటిసారే పాసైనారు. ఎదుట కూర్చున్న అధికారి, మీ వయసువాళ్ళు ఎవరూ రాలేదమ్మా అంటే, మీ అంకెలు మా బడి హాజరుపట్టీ కన్నా తేలిక సార్ అన్నారట.

కొత్త హెడ్‌సెట్‌తో ఆయన ఇంజను పరీక్ష మళ్ళీ ఇచ్చారు. ఈసారి డాక్టరు ఏ షరతూ పెట్టకుండా పాస్ చేశాడు. షరతు ఆయనే పెట్టుకున్నారు. సుగుణమ్మ పక్కన లేకుండా ఏ టవర్ దగ్గరికీ పోను అని.

వానలు వెనకబట్టాక మొదటి ప్రయాణం. నేను వెనక సీటులో కూర్చున్నాను, నా పని గాలిలో ఎట్లా ఉందో చూడడానికి. ఆమె చీర కొంగు నడుముకు చుట్టి, హెడ్‌సెట్ జడ మీదుగా సర్దుకుని కూర్చున్నారు. అదే శిక్షణ మైదానం. ఆ రోజు రద్దీగా ఉంది, రెండు మూడు విమానాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆమె పిలిచారు. టవర్‌లో గొంతు ఒక క్షణం తడబడింది, ఆడగొంతు అనుకోలేదేమో. తరువాత మామూలుగా వరస చెప్పింది. ఆమె తిరిగి చెప్పారు. మేం దిగే దారిలోకి తిరిగాం.

ఉన్నట్టుండి టవర్ గొంతు మారింది. వెంటనే కుడికి తిరగండి. ఇంకా ఏవో మాటలు ఉన్నాయి, ఇంకో విమానం పిలుపు వాటి మీద పడి చెరిగిపోయాయి. నా హెడ్‌సెట్‌లో నాకు కూడా మొదటి ముక్క మాత్రమే తెలిసింది. ఆ ముక్క పూర్తి కాకముందే ఆమె చేయి ఆయన కుడిభుజం మీద పడింది. "కుడి," అన్నారు. ఎందుకని ఆయన అడగలేదు, కిటికీలోంచి చూడలేదు. రెక్క వాలింది. ఎడమవైపు కింద నుంచి పసుపురంగు శిక్షణ విమానం ఒకటి, మేం ఉండవలసిన చోటు మీదుగా పోయింది. అందులో కూర్చున్న మనిషి తల నాకు కనిపించింది. అతను కిందికి, రన్‌వే వైపు చూస్తున్నాడు. మమ్మల్ని చూడనేలేదు.

సుగుణమ్మ గారు మైకులో, కుడికి తిరుగుతున్నాం, విమానం కనిపించింది అని చెప్పారు. గొంతు మారలేదు. చేయి మాత్రం ఆయన భుజం మీదే ఉండిపోయింది. మళ్ళీ చుట్టి వచ్చి దిగేదాకా తీయలేదు. దిగి ఇంజను ఆపాక దొరస్వామి గారు హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు కుడి అనే మాట రాలేదు సుగుణా," అన్నారు. "ఏదో అంటా ఉండాడు అని మాత్రం తెలిసింది."

"నాకు వచ్చింది కదా," అన్నారామె. తరువాత ఆమె దిగి, రెక్క కింది కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

ఆ సాయంత్రం టవర్ అధికారి మా వర్క్‌షాపుకు వచ్చాడు. మొదట్లో ఎర్రదీపం చూపించినవాడు ఆయనే. మంచి రేడియో బిగించావయ్యా అన్నాడు. రేడియోలో మొదటినుంచీ ఏమీ లేదని చెప్పాను. సంగతంతా విని, దొరస్వామి గారిని చూడాలన్నాడు. తరువాత ఒక ఆదివారం ఆ ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకుని మాస్తికి వెళ్ళాడు. వాళ్ళకు అక్కడ భోజనం పెట్టారని, విమానం చూపించారని విన్నాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆ దంపతులు ఇంకా కొన్నేళ్ళు ఎగిరారు. తిరుపతి వైపు, మైసూరు వైపు, ఒకసారి మద్రాసు దాకా. చాలా టవర్లలో ఆమె గొంతును గుర్తుపట్టేవాళ్ళు. తరువాత ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చి, విమానం మెట్టు ఎక్కడం కష్టమైంది. దొరస్వామి గారి లైసెన్సు, వైద్యపత్రం రెండూ అప్పటికి చెల్లుతూనే ఉన్నాయి. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోమని నేనే సలహా ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపి, కొనేవాళ్ళను చూడమన్నారు. కొన్న మనిషికి విమానం అప్పగించే రోజు ప్యానెల్ వెనక ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆయనే టార్చి వేసి చూపించారు. పూట పట్టింది.

రేడియో ఇంజనీరు పరీక్షలు హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గర ఆగిపోతాయి. అక్కడిదాకా సరిగ్గా ఉంటే, లోపం లేదు అని రాసి సంతకం పెట్టమని మాకు నేర్పారు. ఆ వానాకాలం తరువాత నేను పద్ధతి మార్చుకున్నాను. యజమాని ఫిర్యాదు చేస్తే, బల్ల మీద పరీక్ష అయ్యాక, ఆయనతో పాటు ఎగిరి, ఆయన ఎదురుచూడని ప్రశ్న ఒకటి రేడియోలో అడిగించేవాణ్ణి. రిటైరయ్యేదాకా అట్లాగే చేశాను. ఆ ప్రశ్నకు, అర్థమైంది అని జవాబు చెప్పినవాళ్ళు ఇంకొందరు దొరికారు. వాళ్ళలో డాక్టరు దగ్గరికి తనంతట తాను పోయినవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళకు చెప్పడం కష్టంగానే ఉండేది. అయినా చెప్పేవాణ్ణి. ఆ మాట విన్నాక కూడా మనిషి నిలబడగలడని, నిలబడి సరైన పని చేయగలడని అప్పటికి నాకు తెలుసు.